పాత కట్టెల పొయ్యి అమ్మాలంటే ధర ఎలా కట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మిర్యాలగూడ దగ్గర మీ నాన్నగారు నడిపిన టిఫిన్ హోటల్ మూసేశారు. 2018లో 28,000 పెట్టి చేయించిన ఇనుప కట్టెల పొయ్యి అక్కడే ఉండిపోయింది. అయిదు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు, రెండు అడుగుల ఎత్తు. పైన రెండు పెద్ద పొయ్యిలు, లోపల ఇటుక, వెనక పొగగొట్టం. పాత ఇనుము కొనే ఆయన వచ్చి చూసి 3,000 ఇస్తానన్నాడు. మీ బావగారేమో 20,000కు పైసా తగ్గవద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినకండి. మీరిచ్చిన కొలతలు, పెట్టిన రెండు ఫోటోలు చూసి నేను చెప్పేది ఇది: 12,500 చెప్పండి, 10,000 దగ్గర ఇచ్చేయండి. 9,000కు దిగినా బాధ పడనక్కరలేదు. లోపలి ఇటుక, జాలీ (కట్టెలు కాలే ఇనుప కడ్డీల వరస) ఫోటోలో కనబడినంత బాగా లేకపోతే 7,000 వస్తే గొప్ప. 4,500 కన్నా తక్కువకు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. అది ఉత్త తూకానికే వస్తుంది.

నేను నల్లగొండలో మొదట వెల్డింగ్ పని చేశాను, ఇలాంటి పొయ్యిలు చేసి అమ్మాను. తర్వాత పెళ్లిళ్లకు వంట సామాను అద్దెకివ్వడం, మూతబడ్డ హోటళ్ల సామాను కొని అమ్మడం పట్టుకున్నాను. ఇరవై రెండేళ్లయింది. పొయ్యి పుట్టే చోటు, కాలే చోటు, చివరికి తుక్కుగా వెళ్లే చోటు మూడూ చూశాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందు తూకం తేల్చుకోండి. ఇనుప రేకు ఒక చదరపు అడుగు, ఒక మిల్లీమీటరు మందం ఉంటే సుమారు 730 గ్రాములు తూగుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఏ పొయ్యినైనా కాటా ఎక్కించకుండానే తూచవచ్చు. మీ పై పలక ఆరు మిల్లీమీటర్లదిలా ఉంది. అయిదు అడుగులకు రెండున్నర అంటే పన్నెండున్నర చదరపు అడుగులు. రెండు పొయ్యిల కంతలు పోగా తొమ్మిది మిగులుతుంది. దాన్ని ఆరుతో, మళ్లీ 0.73తో గుణిస్తే 39 కిలోలు. నాలుగు పక్కలు కలిపి 30 చదరపు అడుగులు, కట్టెలు పెట్టే నోళ్లు పోతే 28. మూడు మిల్లీమీటర్ల రేకైతే 61 కిలోలు. మూలలకూ అంచులకూ వాడిన యాంగిల్ (L ఆకారపు ఇనుప బద్దె) 40 మిల్లీమీటర్లది, అయిదు మిల్లీమీటర్ల మందం. అది మీటరుకు మూడు కిలోలు తూగుతుంది, మీ పొయ్యికి పదకొండున్నర మీటర్లకు పైగా పడుతుంది, 35 కిలోలు వేసుకోండి. రెండు జాలీలు కలిపి 15. అడుగు రేకు ఎంత మిగిలిందో తెలియదు కాబట్టి దాన్ని కలపలేదు. మొత్తం 150 కిలోలు.

పాత ఇనుము ధర వారానికో తీరుగా ఉంటుంది. లెక్క కోసం కిలో 30 అనుకుంటే 4,500 వచ్చింది. 3,000 అన్న ఆయన లోపల ఇటుకలున్నాయి, మట్టి ఉంది అని చెప్పి కోత పెట్టి ఉంటాడు. ఇటుకలు తీసేసి తూచమనండి, ఆ సాకు ఉండదు. తూచేటప్పుడు కాటా ముందు మీరే నిలబడండి. మా వ్యాపారంలో బేరం దగ్గర పోయిన డబ్బు కన్నా కాటా దగ్గర పోయిన డబ్బే ఎక్కువ.

రెండోది, అలాంటిదే ఇవాళ చేయించాలంటే ఎంతవుతుంది? 2018 నాటి 28,000 సంగతి వదిలేయండి. కొనడానికి వచ్చినవాడు తన మనసులో పోల్చుకునేది వెల్డింగ్ దుకాణంలో ఇవాళ చెప్పే ధరతోనే. మీ ఊళ్లో రెండు దుకాణాల్లో అడిగి చూడండి. ఇనుము, కూలి కలిపి కిలో లెక్కన చెబుతారు. మాటవరసకు 120 అనుకుంటే 150 కిలోలకు 18,000. లోపలి ఇటుక, మట్టి, మేస్త్రీ పని కలిపి ఒక 5,000. పొగగొట్టానికి 3,000. మొత్తం 26,000.

ఇందులోంచి కొనేవాడు పెట్టుకోవలసిన ఖర్చులు తీసేయండి. ఫోటోలో ఒక జాలీ నడుము వంగి కనబడుతోంది, అడుగు అంచున తుప్పు ఉంది. రెంటికీ కలిపి 3,500. హమాలీ, ఆటో ట్రాలీ 2,500. మిగిలింది 20,000. అందులో సగం 10,000. నేను పైన చెప్పిన ధర ఇలా వచ్చింది.

సగమే ఎందుకని మీ బావగారు అడుగుతారు. కొనేవాడు కొత్తది చేయించుకుంటే తన డేగిసాకు తగ్గ కంత, తన ఎత్తుకు తగ్గ పొయ్యి వస్తుంది, పగిలితే చేసినవాడి ఇంటికి వెళ్లి అడగవచ్చు. మీ పొయ్యి మీ నాన్నగారి గిన్నెల కొలతకు పుట్టింది. ఆ ఇబ్బందులన్నీ నెత్తిన పెట్టుకుంటున్నందుకు కొనేవాడు అడిగే తగ్గింపు ఆ సగం. పొయ్యి రెండేళ్ల లోపుదై, జాలీ నిటారుగా ఉంటే మూడింట రెండు వంతుల దాకా నేనే ఇచ్చాను. పదేళ్లు దాటినదాన్ని మూడో వంతుకు కూడా తీసుకోలేదు.

ఇంతవరకు కాగితం మీద లెక్క. దాన్ని పైకి కిందికి లాగేది నిప్పు తగిలే చోటు. పైన ఎంత మెరిసినా నేను ముందు మోకాళ్ల మీద కూర్చుని పొయ్యి నోట్లో తల పెడతాను.

జాలీ కడ్డీ. ఒక కడ్డీని రెండు చోట్ల కొలవండి, గోడలో దూరి ఉన్న కొసన ఒకసారి, సరిగ్గా నడుమ ఒకసారి. కొలిచే పనిముట్టు లేకపోతే దారం చుట్టి, దాని పొడవును 3.14తో భాగించండి. కొసన నిప్పు తగలదు కాబట్టి అది కొత్తప్పటి మందం చెబుతుంది. కొసన 20 మిల్లీమీటర్లుండి నడుమ 16 ఉంటే నాలుగే పోయింది కదా అనుకుంటారు. కానీ కడ్డీ గుండ్రంది, అడ్డకోతలో చూస్తే మూడో వంతుకు పైగా ఇనుము కాలి రాలిపోయింది. ఎర్రగా కాగిన ఇనుము పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, బూడిదలో నల్లటి రేకుల్లా దొరికేవి అవే. అలాంటి జాలీని నేను లేనట్టుగానే లెక్క వేస్తాను.

ఇటుక. గట్టి నిప్పుకు నిలిచే ఇటుక లేత పసుపు రంగులో, మామూలు ఇటుక కన్నా బరువుగా ఉంటుంది. తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడు మందం, నాలుగు కిలోల దాకా తూగుతుంది. మామూలు ఎర్ర ఇటుక పెట్టి పైన సిమెంటు పూసి ఉంటే అది ఇప్పటికే బీటలు వారి ఉంటుంది. సిమెంటు ఆ వేడికి నిలవదు, పొడిగా రాలుతుంది. మన వైపు ఇంకో అలవాటు ఉంది, ఇంటి నేలకు తెచ్చి మిగిలిన షాబాద్ బండలు పొయ్యి లోపల పెట్టడం. అది సున్నపురాయి. కొన్నాళ్లు టపటపమని పెచ్చులు లేస్తుంది, తర్వాత మెల్లగా సున్నమై బూడిదలో కలుస్తుంది. మహబూబ్‌నగర్ దగ్గర ఒక ధాబాలో ఇలాంటిది చూశాను. యజమాని లోపల బండ వేయించామండీ, గట్టిగా ఉంటుంది అని గర్వంగా చెబుతున్నాడు, నేను వేలు పెడితే పిండిలా వచ్చింది.

మీ ఫోటోలో ఇటుక రంగు సరిగానే ఉంది. ఒక్కటి కదిపి చూడండి. అతుకు మట్టిదైతే ఇటుక ముక్కలవకుండా ఊడివస్తుంది, కొనేవాడు మళ్లీ వాడుకోవచ్చు.

బీటలు. చీకటి పడ్డాక లోపల టార్చిలైటు వెలిగించి పెట్టి, బయట నుంచి చుట్టూ తిరగండి. వెలుగు గీత కనబడిన ప్రతి చోటా పొగ వస్తుంది. తర్వాత కాస్త ఎండు కట్టె వేసి వెలిగించి, అతుకుల దగ్గర ఒక అగరువత్తి పట్టుకోండి. పొగను లోపలికి లాగుతుంటే గొట్టం బాగా పని చేస్తోందన్నమాట. బయటికి నెడుతుంటే గొట్టంలో మసి, తారు పేరుకుని ఉంటుంది, పచ్చి కట్టెలు కాల్చే హోటళ్లలో ఇది మామూలే. తారు గీకించడానికి అయ్యే ఖర్చు కొద్దిదే. అమ్మేముందు మీరే చేయించండి.

అడుగు. ఇక్కడ నా సొంత తెలివితక్కువతనం ఒకటి చెప్పాలి. పదేళ్ల కిందట జడ్చర్లలో ఒక పొయ్యి కొన్నాను. వెండి రంగు వేసి కొత్త పెళ్లికూతురిలా ఉంది. జాలీ చూశాను, ఇటుక చూశాను, సుత్తితో పై పలకను కొట్టి చూశాను, అంతా బాగుంది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాను. నలుగురు హమాలీలు మోకులు వేసి లేపారు. పొయ్యి లేచింది, అడుగు లేవలేదు. బూడిద, ఇటుకలు, రేకు అన్నీ కలిసి మా కాళ్ల మీద ఒక్క కుప్పగా పడ్డాయి. అమ్మినాయన అప్పటికే ఇంట్లోకి వెళ్లిపోయాడు. బూడిద తేమను పట్టి ఉంచుతుంది. వానాకాలం నాలుగు నెలలు బూడిద తియ్యకుండా వదిలేసిన పొయ్యికి లోపలి నుంచి తుప్పు అడుగును తినేస్తుంది, పైన వేసిన రంగుకు ఆ సంగతి తెలియదు. అప్పటి నుంచి నేను బూడిద మొత్తం తోడించి, గునపం మొనతో అడుగు రేకు నాలుగు మూలలా పొడిచి చూస్తాను. మీరూ బూడిద ఇవాళే తోడెయ్యండి. హోటల్ మూసి ఎన్నాళ్లయిందో రాయలేదు, అది ధరలో 2,000 తేడా తేగల విషయం.

రంగు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, అమ్మేముందు రంగు వేయకండి. అలవాటున్న కొనుగోలుదారుకు కొత్త రంగు కనబడితే చాలు, ఏం దాస్తున్నారో అని 1,000 తగ్గిస్తాడు. తుప్పు గీకి, కాస్త నూనె గుడ్డతో తుడవండి, అంతే.

పై పలక పోత ఇనుముదైతే ఇంకో పరీక్ష చేయాలి. చిన్న సుత్తితో తడితే బాగున్నది గంటలా ఖంగుమంటుంది, బీటున్నది పగిలిన కుండలా బొదబొద శబ్దం చేస్తుంది. రేకు పలక వంగితే కొట్టి సరిచేయవచ్చు, చిల్లు పడితే అతుకు వేయవచ్చు. పోత ఇనుముకు మామూలు వెల్డింగ్ కడ్డీతో అతుకు వేస్తే చల్లారేటప్పుడు అతుకు పక్కనే మళ్లీ చిట్లుతుంది. కాబట్టి పగిలిన పోత పలకకు తూకం ధర తప్ప మరేమీ లేదు. స్టీలు తొడుగున్న పొయ్యిలకు అయస్కాంతం పెట్టి చూసి, అంటలేదు కాబట్టి మంచి స్టీలు అంటుంటారు. 304 రకానికీ అంటదు, దానికన్నా చవకైన 202 రకానికీ అంటదు. ఆ పరీక్షను నమ్మి ఎక్కువ ధర పెట్టకండి, అడగకండి.

ఇక కొనేవాళ్లు ఎవరు? ధర సగం ఇక్కడే తేలుతుంది. ఊళ్లో కొత్తగా హోటల్ పెట్టేవాడు కట్టెల పొయ్యి వైపు చూడడు. పక్కింటివాళ్లు పొగని గొడవ చేస్తారు, గ్యాస్ తేలిక. టైల్స్ వేసిన ఫంక్షన్ హాళ్లు లోపలికి రానివ్వవు. మీకు పనికొచ్చేవాళ్లు మూడు రకాలు. ఆరుబయట బగారా అన్నం, మటన్ వండే వంట మేస్త్రీలు మొదటివాళ్లు. రెండోది, సూర్యాపేట వైపు విజయవాడ హైవే మీది ధాబాలు. మూడోవాళ్లను చాలామంది మరిచిపోతారు, పోచంపల్లి, పుట్టపాక వైపు నూలుకు రంగులు అద్దేవాళ్లు. వాళ్లకు పెద్ద గంగాళాల్లో నీళ్లు మరగాలి, రుచితో పని లేదు, బీటలున్నా పెద్దగా పట్టించుకోరు. నా దగ్గర రెండేళ్లు కదలని పొయ్యి ఒకటి చివరికి అలా రంగుల పనికే పోయింది, నేననుకున్న దానికన్నా 1,500 ఎక్కువకు.

కట్టెల సంగతి కూడా కొనేవాళ్లు ఆలోచిస్తారు. మన జిల్లాల్లో సర్కారు తుమ్మ దొరకని చెరువుకట్ట లేదు, కాబట్టి కట్టెకు కొదవ లేదు. మీది మిర్యాలగూడ కనుక ఇంకో మాట. రైస్ మిల్లుల ఊక దగ్గరే దొరుకుతుందని కొందరు ఊక పొయ్యి ఉందా అని అడుగుతారు. మీ జాలీ కడ్డీల మధ్య సందు పెద్దది, ఊక అంతా కిందికి జారిపోతుంది. ఊకతోనూ పని చేస్తుందని మాట ఇవ్వకండి. తర్వాత పొయ్యి తిరిగి మీ వాకిట్లోకి వస్తుంది.

కాలం చూసుకుని అమ్మండి. ఆషాఢంలో, మూఢంలో, పుష్యమాసంలో ఎవరూ పొయ్యి కొనరు, పెళ్లిళ్లుండవు. కార్తీకంలో కురుమూర్తి జాతర, మాఘంలో చెర్వుగట్టు బ్రహ్మోత్సవాలు, రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర వస్తాయి. జాతరలో వంట పెట్టేవాళ్లు పదిహేను రోజుల ముందు నుంచి వెతుకుతారు. అప్పుడు 10,000 పొయ్యికి 12,000 అడిగినా బేరం కుదురుతుంది. ఇంకో చిన్న గుర్తు కూడా ఉంది. హోటళ్ల 19 కిలోల గ్యాస్ సిలిండర్ ధర మామూలుగా నెల ఒకటో తేదీన మారుతుంది. బాగా పెరిగిన నెలలో నా ఫోను మోగుతుంది, తగ్గిన నెలలో నేనే నలుగురికి ఫోను చేసుకోవాలి.

ఎన్నాళ్లు ఆగాలో కూడా లెక్క ఉంది. హోటల్ గదికి అద్దె కడుతుంటే ఆగడం దండగ. నెల అద్దె 4,000 అయితే రెండు నెలలాగి 2,000 ఎక్కువకు అమ్మడంలో ఏం మిగిలింది? సొంత వాకిలి ఉంటే రేకుల కింద, నాలుగు ఇటుకల మీద ఎత్తి పెట్టి ఆగండి.

మీ ప్రశ్న కింద ఇంకొకాయన తన ఫామ్‌హౌస్‌లో గది వెచ్చగా ఉండడానికి పెట్టుకున్న అద్దం తలుపు పొయ్యి గురించి అడిగారు, దానికీ రెండు మాటలు. అది వేరే జాతి. మన దగ్గర చలి ఉండేది కొన్ని వారాలు, దాన్ని కొనేవాడు నల్లగొండలో దొరకడు, హైదరాబాద్‌లో వెతకాలి. తలుపు అంచున తాడులాంటి పట్టీ ఉంటుంది. ఒక కాగితం మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి, సులువుగా జారి వస్తే పట్టీ అయిపోయినట్టే, మార్చాలి. అద్దం వేడికి నిలిచే సిరామిక్ రకానిదేనా, ఎవరైనా మామూలు అద్దం బిగించారా చూడండి. అమెరికాలోనైతే ఇలాంటి పొయ్యి వెనక, పొగ పరిమితి దాటదని చెప్పే చీటీ ఉందా లేదా అన్నది ధరలో పెద్ద భాగం. అక్కడ 2020 మే నుంచి కొత్తగా అమ్మే పొయ్యిలకు గంటకు రెండు, రెండున్నర గ్రాముల పొగ నుసి పరిమితి పెట్టారు, చీటీ లేని పాతవాటిని కొన్నిచోట్ల బిగించనివ్వరు. మన దగ్గర ఆ చీటీని ఎవరూ అడగరు. కొత్తదాని ధరలో పావు వంతు వస్తే ఇచ్చేయమని ఆయనకు నా సలహా.

మళ్లీ మీ పొయ్యి దగ్గరికి వస్తే, బేరానికి వచ్చినవాడి ముందు వెలిగించి చూపండి. పది నిమిషాల్లో గొట్టం పొగను ఎలా లాగుతుందో కళ్లతో చూసినవాడు బేరం తక్కువ చేస్తాడు. ఎత్తుకెళ్లే ఖర్చు ఎవరిదో డబ్బు మాటకు ముందే తేల్చండి. 10,000 అని ఒప్పుకున్నాక మీరే పంపాలి కదా అంటే 2,500 అక్కడే పోతుంది. పొగగొట్టం విడిగా అమ్మాలని చూడకండి. అది లేని పొయ్యిని చూసి జనం వెనక్కి పోతారు, విడి గొట్టానికేమో తూకం ధరే వస్తుంది. పై పలక మీద చెక్కిన హోటల్ పేరు గురించి కూడా అడిగారు. దాన్ని గ్రైండర్‌తో తీసేయనక్కరలేదు, దానివల్ల ధర తగ్గదు. అయితే అది మీ నాన్నగారు చేయించిన పేరు కాబట్టి, ఆ ముక్క కోసి ఉంచుకోవాలనుకుంటే ముందే కోసుకోండి, కొన్నవాడికి పలకలో కంత చూపించి 300 తగ్గించండి. నా దగ్గరికి సామాను అమ్మేశాక నెల తర్వాత తిరిగి వచ్చి ఆ ఒక్క ముక్క కావాలని అడిగినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరికే ఇవ్వగలిగాను, రెండోది అప్పటికే కరిగిపోయింది.

మీరు పెట్టిన ఫోటోలు రెండూ ముందు నుంచి తీసినవే. జాలీ బయటికి తీసి నేల మీద పెట్టి ఒకటి, బూడిద తోడాక అడుగు రేకుది ఒకటి తీసి ఇక్కడే పెట్టండి. పై పలక మందం ఆరు మిల్లీమీటర్లేనా అన్నది కూడా కొలిచి రాయండి. నాలుగే అయితే 13 కిలోలు తగ్గుతుంది, నేను చెప్పిన ధర కొంచెం కిందికి జరుగుతుంది.